నల్ల పంచె మీద టేకు పొడి: ఒక దగ్గు కేసు

ఈ కేసులో ఊరు, వయసు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. రాసింది రోగికి చదివి వినిపించి, ఆయన సరేనన్నాకే ఇక్కడ పెడుతున్నాను.

నేను గోదావరి డెల్టాలో ఊపిరితిత్తుల వైద్యం చేస్తాను. దుమ్ము వల్ల జబ్బుపడి నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది రైసు మిల్లుల్లో, కొబ్బరి పీచు యూనిట్లలో, ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్లు. వాళ్ల చేతులు, బట్టలు చూడగానే ఏం అడగాలో తెలిసిపోతుంది. ఈ మాస్టారి విషయంలో ఆ ప్రశ్న సరిగ్గా అడగడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అడిగాక కూడా మొదట ఇచ్చిన సలహా తప్పే.

నేపథ్యం

కోనసీమలో కాలువ గట్టు మీద ఊరు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. వయసు అరవై దాటింది. సిగరెట్టు, బీడీ, చుట్ట ఏదీ లేదు. బీపీకి ఎనలాప్రిల్ వాడుతున్నారు. చిన్నప్పుడు ఉబ్బసం లేదు, ఇంట్లో ఎవరికీ లేదు.

ఆరు నెలలుగా దగ్గు. పగలు అంతంతమాత్రం. రాత్రి పదకొండు దాటాక మొదలై ఒంటిగంట, రెండు దాకా కూర్చోబెట్టేది. కఫం తక్కువ, జ్వరం లేదు, బరువు తగ్గలేదు. ముక్కు రెండు పక్కలా దిబ్బడ. నా దగ్గరికి వచ్చేసరికి ఒక సంచి నిండా మందుల చీటీలున్నాయి.

అందులో ఒక చీటీ ప్రకారం అంతకుముందు చూసిన డాక్టరు ఈసినోఫీలియా (రక్తంలో ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరగడం) అనుకుని, బోదకాలుకి వాడే డీఈసీ మాత్రలు మూడు వారాలు ఇచ్చారు. ఆ ఆలోచనను నేను తప్పుపట్టను. బోదకాలు తరతరాలుగా ఉన్న ప్రాంతం మనది. బోదకాలు తెచ్చే పురుగు వల్లే వచ్చే ఒక రకం ఊపిరితిత్తుల జబ్బులో దగ్గు సరిగ్గా ఇలాగే రాత్రిళ్లు పట్టుకుంటుంది. కానీ ఆ జబ్బులో రక్తంలో ఈసినోఫిల్స్ సాధారణంగా 3000 దాటి ఉంటాయి. ఈయనకి 620. అది ఎలర్జీ వైపు చూపించే అంకె. పైగా ఆ జబ్బయితే డీఈసీతో దగ్గు తగ్గాలి, ఈయనకి రవ్వంత కూడా తగ్గలేదు.

నా మొదటి రెండు అడుగులు

ఆగస్టులో మొదటిసారి వచ్చారు. ఎక్స్‌రే బాగుంది. మూడు వారాలు దాటిన దగ్గు కాబట్టి టీబీ కోసం కఫం పరీక్ష చేయించాను, లేదని వచ్చింది. పొద్దున పదకొండింటికి చేసిన స్పైరోమెట్రీ (ఊపిరి బలం ఊది చూసే పరీక్ష) కూడా దాదాపు మామూలుగానే ఉంది.

ఇక కళ్ల ముందు కనిపిస్తున్నది ఎనలాప్రిల్. ఆ జాతి మాత్రలు కొందరిలో పొడి దగ్గు తెప్పిస్తాయి. మానేశాక దగ్గు పోవడానికి వారం నుంచి నెల, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కూడా పడుతుంది. మాత్ర మార్చడం తేలిక, ఖర్చు లేదు, తప్పయినా నష్టం లేదు. అందుకని దాని బదులు టెల్మిసార్టన్ అనే వేరే జాతి బీపీ మాత్ర రాసి నెల తర్వాత రమ్మన్నాను. ఒకేసారి నాలుగు మందులు మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదని నాకో పట్టింపు ఉంది. ఆ పట్టింపు వల్ల ఇక్కడ ఒక నెల పోయింది.

సెప్టెంబరులో వచ్చినప్పుడు దగ్గు అలాగే ఉంది. ఈసారి స్టెతస్కోపులో పిల్లికూతలు వినిపించాయి. మళ్లీ స్పైరోమెట్రీ చేశాం. ఒక్క సెకనులో ఊదే గాలి 1.90 లీటర్లు. శ్వాసనాళాలు తెరుచుకునే మందు పీల్పించాక 2.24. అంటే 340 మిల్లీలీటర్లు, దాదాపు 18 శాతం పెరిగింది. 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ దాటితే ఆస్తమాకి గట్టి ఆధారమని లెక్క.

అరవై దాటాక కొత్తగా ఆస్తమా వస్తే మొదట పని గురించి అడగాలని చదువుకున్నాం. అడిగాను.

"మాస్టారూ, దుమ్ములో పనేమైనా చేస్తారా?"

"ఎక్కడండీ, రిటైరైపోయాను కదా. ఇంటి దగ్గరే కాలక్షేపం."

నేను కేసు షీటులో 'దుమ్ము లేదు' అని రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. రోజుకు రెండుసార్లు పీల్చేలా బుడెసోనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ ఇచ్చాను. పీల్చాక నోరు పుక్కిలించమని, నయమైనట్టు అనిపించినా మానొద్దని చెప్పాను. పది రోజుల్లో సగం తగ్గింది. తగ్గగానే మానేశారు. 'పీల్చే మందు అలవాటైతే వదలదు' అని బంధువొకరు అన్నారట. మా ప్రాంతంలో ఈ మాట వినని ఇన్‌హేలర్ లేదు.

నల్ల పంచె

నవంబరు చివర్లో మళ్లీ వచ్చారు. అయ్యప్ప మాలలో ఉన్నారు. నల్ల పంచె, నల్ల కండువా, మూడు వారాల గడ్డం. దగ్గు మునుపటికంటే ఎక్కువైంది. కూడా వచ్చిన భార్య కారణాలు వరసగా చెప్పారు: తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, కటిక నేల మీద చాప, కాలువ మీంచి వచ్చే మంచు. విన్నవాళ్లెవరైనా ఒప్పుకునే కారణాలే. నేనూ సగం ఒప్పుకున్నాను.

పరీక్ష చేద్దామని ఆయన్ని మంచం మీద కూర్చోమన్నప్పుడు పంచె మడతల్లో పసుపు, గోధుమ రంగు కలిసిన సన్నని పొడి కనిపించింది. తెల్ల పంచె మీదైతే కనిపించేది కాదు.

"ఈ పొడి ఏంటి స్వామీ?"

"అదాండి, టేకు పొడండి. పూజా మందిరం చేస్తున్నాను. పొద్దున్న సాండింగు పట్టాను."

"రోజూ చేస్తారా?"

"రోజూనండి. రిటైరయ్యాక అదే నా లోకం."

"మరి దుమ్ములో పని చేయనన్నారే?"

"అది దుమ్మేంటండీ, చెక్క కదా!"

ఆయన అబద్ధమాడలేదు. 'పని' అంటే ఆయన లెక్కలో జీతం వచ్చేది. 'దుమ్ము' అంటే రోడ్డు మీద లారీ లేపేది. నేను అడిగిన రెండు మాటలూ ఆయన షెడ్డు గుమ్మం దాటి లోపలికి పోలేదు.

పెరట్లో పాత పశువుల పాకని ఏడాదిన్నర కిందట రేకుల షెడ్డుగా మార్చుకున్నారు. కోత మిషను, చెక్కకి గాడులు తీసే రౌటరు, చెక్కని నున్నగా రుద్దే, చేతిలో పట్టుకునే గుండ్రటి సాండరు ఉన్నాయి. టేకు ఎక్కువగా కూల్చేసిన పాత పెంకుటిళ్లదే. దూలాలు, ద్వారబంధాలు తక్కువ ధరకు దొరుకుతాయి. అలమార్లకి ఎండీఎఫ్ పలకలు (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసేవి). పీటలు, ఉయ్యాల బల్లలు, మందిరాలు చేసి బంధువులకి ఇస్తారు, డబ్బు తీసుకోరు.

మిషన్లు కొన్నాక ఏడాది తిరక్కముందే దగ్గు మొదలైంది. ఎలర్జీ వల్ల వచ్చే ఆస్తమా మొదటి రోజే రాదు, ఒంటికి ఆ పదార్థం పడకుండా పోవడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. కాలం సరిపోయింది. మరి దగ్గు రాత్రి పదకొండుకి ఎందుకు? దీనికీ జవాబుంది. ఇలాంటి ఆస్తమాలో చాలామందికి పొడి పీల్చిన నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత నాళాలు బిగుస్తాయి. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా సాండింగు చేస్తే షెడ్డులో ఉన్నంతసేపూ ఊపిరి హాయిగానే ఆడుతుంది. భోంచేసి పడుకున్నాక ఉక్కిరిబిక్కిరవుతుంది. అప్పుడు ఎవరైనా చాపని, మంచుని, చన్నీళ్లని తిట్టుకుంటారు కానీ ఆరు గంటల కిందటి చెక్కని కాదు.

మాస్కు ఓడిపోయింది

ఇన్‌హేలర్ మళ్లీ మొదలుపెట్టించాను. ఎన్95 మాస్కు రాసిచ్చాను. బలంగా ఊదిన గాలి వేగం కొలిచే పీక్ ఫ్లో మీటరు ఇచ్చి, రోజుకు నాలుగుసార్లు, ప్రతిసారీ మూడు ఊదులు ఊది అందులో పెద్ద అంకె రాయమన్నాను. లెక్కల మాస్టారికి అంకెలు రాయమంటే అంతకంటే ఏం కావాలి! ఆ చార్టు చూసి మా జూనియర్లు సిగ్గుపడ్డారు. ఏ గంటకి ఏ చెక్క కోశారో కూడా పక్కనే రాశారు.

రెండు వారాల తర్వాత చార్టు నిరాశపరిచింది. పగలు నిమిషానికి 350, 360 లీటర్లు ఉన్న ఊదు రాత్రి 280కి పడిపోతోంది. తేడా 20 శాతం దాటింది. మాస్కు రోజూ పెట్టుకుంటున్నానని ఆయన ప్రమాణం చేశారు. నిజమే, పెట్టుకుంటున్నారు. గడ్డం మీద.

ఎన్95 గుడ్డ అతి సన్నని రేణువుల్లో 95 శాతం ఆపుతుంది. కానీ గాలి ఆ గుడ్డలోంచే రావాలి. అంచుకీ చర్మానికీ మధ్య వెంట్రుకలుంటే గాలి తేలికైన దారి చూసుకుంటుంది. కిటికీకి దోమల మెష్ బిగించి తలుపు బార్లా తీసిపెట్టినట్టే. మండలం రోజులు పూర్తయ్యేదాకా గడ్డం తీయరు. అది నేను అడగకూడని విషయం, అడగలేదు కూడా. మాస్కు రాసిచ్చేటప్పుడు ఎదురుగా ఉన్న గడ్డం నాకు కనిపించకపోవడం మాత్రం నా తప్పే.

షెడ్డులో ఒక సాయంత్రం

డిసెంబరు మధ్యలో ఒక ఆదివారం అటువైపు పెళ్లికి వెళ్తూ వాళ్లింట్లో ఆగాను. రోగుల ఇళ్లకి వెళ్లే అలవాటు నాకు తక్కువ. ఈ కేసు తర్వాత కొంచెం పెరిగింది.

షెడ్డు చక్కగా ఉంది. అదే ఇబ్బంది. పనిముట్లు తుడిచి వరసగా పెట్టారు, నేల అద్దంలా ఉంది. పడమటి కిటికీలకి టార్పాలిన్ బిగించేశారు, వాన జల్లుకి చెక్క ఉబ్బుతుందని. నడిమధ్యన సీలింగ్ ఫ్యాను. కొడుకు కొనిచ్చిన వాక్యూమ్ క్లీనరు ఒక మూల ఉంది, దానికి మామూలు గుడ్డ సంచి. దక్షిణపు గోడకి ఎగ్జాస్ట్ ఫ్యాను. షెడ్డు గోడకి అవతల వైపున్న వసారాలోనే మాల వేసుకున్నప్పటి నుంచి ఆయన పడుకుంటున్నారు.

"పొడంతా ఎవరు తీస్తారు?" అని అడిగాను.

"నేనేనండి," అన్నారు ఆయన భార్య. "రోజూ సాయంత్రం ఊడుస్తాను. నాకూ ఉందండి దగ్గు, ఊడ్చినప్పుడల్లా. ఈయనదే ఎక్కువ కదాని చెప్పలేదు."

అప్పటికి మూడుసార్లు ఆవిడ నా గదిలో నా ఎదురుగా కూర్చున్నారు. ఒక్కసారీ నేను అడగలేదు.

చీకటి పడ్డాక లైటు తీసేసి, ఆవిడ ఊడ్చి వెళ్లిన షెడ్డులో సెల్‌ఫోను టార్చి అడ్డంగా వేసి చూశాం. లైటు వెలుగులో ఏమీ కనిపించని గాలి, టార్చి కిరణంలో పొగలా కదులుతోంది. టీ తాగి, కబుర్లు చెప్పుకుని, ముప్పావుగంట తర్వాత మళ్లీ వేశాం. కొంచెం పల్చబడింది, పోలేదు. మాస్టారు ఏమీ అనకుండా టార్చి తీసుకుని తన చాప ఉన్న వసారాలోకి వెళ్లారు. అక్కడా ఉంది.

దీని వెనక ఉన్న లెక్క ఆయనకి నచ్చింది కాబట్టి ఇక్కడా చెబుతాను. చిత్రిక పట్టినప్పుడు రాలే చుట్టలు, రంపపు పొట్టు కాళ్ల దగ్గరే పడతాయి, ముక్కు దాకా వచ్చినా అక్కడే ఆగిపోతాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. సాండరు లేపే పొడిలో 10 మైక్రాన్ల లోపువి బోలెడు. నాలుగైదు మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా పోతాయి. గాలి కదలకుండా ఉంటే 2 మీటర్ల ఎత్తు నుంచి 10 మైక్రాన్ల రేణువు నేల చేరడానికి పది నిమిషాలు పైనే పడుతుంది. 5 మైక్రాన్లదానికి ముప్పావుగంట. 1 మైక్రాన్‌దయితే సగం రోజు దాటినా గాల్లోనే ఉంటుంది. ఇక సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే ఈ లెక్కే లేదు, అది దిగదు.

కంటికి కనిపించే పొట్టు గురించి ఆయనకి టెన్షన్, దాన్ని రోజూ ఊడ్పించేవారు. ఊడ్చిన ప్రతిసారీ దిగిన సన్నపొడి మళ్లీ లేచేది. గుడ్డ సంచి వాక్యూమ్ అయితే ముందు నుంచి పొట్టు పీల్చి వెనక నుంచి సన్నపొడి చిమ్మేది. ఆయన మాస్కు తీసేసేది సరిగ్గా అప్పుడే, మిషను ఆపగానే, 'పనైపోయింది' అనుకుని.

కొండ మీద చార్టు

పొడే కారణమని చెప్పాలంటే పొడికి దూరంగా ఉన్న రోజుల అంకెలు కావాలి. రెండు రోజుల సెలవు చాలదు, నాళాల వాపు తగ్గడానికి రోజులు పడుతుంది. షెడ్డుకి పది రోజులు తాళం వేయమంటే వేస్తారన్న నమ్మకం నాకు లేదు. అయ్యప్పస్వామే దారి చూపించారు. డిసెంబరు చివర్లో గురుస్వామితో కలిసి బస్సులో తొమ్మిది రోజుల శబరిమల యాత్ర.

పంపాలా వద్దా అని ఆలోచించాను. పంబ నుంచి సన్నిధానం దాకా సుమారు 5 కిలోమీటర్ల ఎక్కుడు. నీలిమల దగ్గర కుర్రాళ్లకే ఆయాసం వస్తుంది. ఈసీజీ తీయించాను, బీపీ చూశాను. ఆయాసమొస్తే పీల్చే మందు జేబులో ఉంచుకోమన్నాను, ఊదు 250కి పడితే ఎక్కొద్దన్నాను. మీటరు భుజం సంచిలో వెళ్లింది.

మొదటి రెండు రోజులు మార్పు లేదు, 310, 340 మధ్యే. నాలుగో రోజు 380. చివరి మూడు రోజులు 400 నుంచి 420. పొద్దుటికీ రాత్రికీ తేడా 10 శాతం లోపు. చన్నీళ్ల స్నానం ఆగలేదు, పంబలోనే మునిగారు. నేల మీద పడక ఆగలేదు. చలి ఇంటి దగ్గరకంటే ఎక్కువే. పొరపాటుగా నిందలు మోసినవన్నీ అలాగే ఉన్నాయి, చెక్క ఒక్కటే లేదు.

తిరిగొచ్చాక సంక్రాంతి అయ్యేదాకా షెడ్డు తెరవొద్దన్నాను. ముక్కనుమ నాడు తెరిచారు, మేనకోడలికి మందిరం మాటిచ్చారట. నాలుగింటి నుంచి ఆరింటి దాకా టేకు సాండింగు. ఆరున్నరకి ఊదు 410. రాత్రి పదిన్నరకి 285. ఆ రెండు అంకెలూ దాచకుండా రాసి తెచ్చారు. నేను అలాంటి పరీక్ష ఇంట్లో చేయమని ఎవరికీ చెప్పను, ప్రాణం మీదికి రావచ్చు. కానీ వచ్చిన సాక్ష్యాన్ని కాదనలేను. కేసు షీటులో 'బహుశా టేకు పొడి వల్ల వచ్చిన ఆస్తమా' అని రాశాను. 'బహుశా' ఎందుకంటే దాన్ని నూటికి నూరుపాళ్లు రుజువు చేసే పరీక్ష నాకు అందుబాటులో లేదు.

మానేయమనాలా?

పుస్తకం ప్రకారం జవాబు సూటిగా ఉంది. ఒక పదార్థం పడక వచ్చిన ఆస్తమాకి దాని నుంచి పూర్తిగా, తొందరగా దూరం కావడమే మంచిది. తగ్గించుకుంటూ కొనసాగేవాళ్లకంటే మానేసినవాళ్లే బాగా కోలుకుంటారు. పైగా ఇది ఆయన జీవనాధారం కాదు.

మాట అనడానికి నోరు తెరిచాను. అప్పుడు భార్య అన్న మాట నన్ను ఆపింది. "ఆ షెడ్డే లేకపోతే ఈయన మంచం పట్టేస్తారండి. రిటైరైన కొత్తలో చూశాను."

నేను మొత్తం మానేయమంటే ఆయన 'ఆయ్, అలాగేనండి' అని ఇంటికెళ్లి, నాకు చెప్పకుండా చేసుకుంటారని కూడా అనిపించింది. దాచిపెట్టిన పొడికంటే చార్టులో కనిపించే పొడి మేలు. అందుకని ఒప్పందం చేసుకున్నాం. టేకు పూర్తిగా బంద్. మిగతా చెక్కకి మూడు నెలలు గడువు. ఇన్‌హేలర్ ఆపకూడదు, చార్టు ఆపకూడదు. వరసగా రెండు రోజులు ఊదు 340 దాటకపోతే షెడ్డుకి తాళం, తాళంచెవి భార్య దగ్గర. ఆ షరతు ఆయనే సూచించారు.

ఈ నిర్ణయం మీద నాకు పూర్తి నమ్మకం లేదు. ఆయన ఊపిరి అప్పటికే బాగా దెబ్బతిని ఉంటే, లేదా అంకెలు దాచే మనిషైతే, నేను తాళమే వేయమనేవాణ్ని.

ఏం మార్చాం

చెక్కతోనే మొదలుపెట్టాం. టేకు తర్వాత పక్కన పెట్టింది పాత రంగు వేసిన తలుపులు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. ఆ తలుపుల్ని సాండరు పడితే సీసం పొడి ఇంటినిండా, మనవల చేతుల దాకా. ఎండీఎఫ్ జిగురులో ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు రసాయనం ఉంటుంది, పొడీ మహా సన్నం. అది కోయించడం బయట షాపుకి వదిలేశారు.

తర్వాత పొడి పుట్టే చోటే పట్టడం. సాండరుకి వెనక ఉన్న గొట్టాన్ని, అతి సన్నని పొడిని కూడా ఆపే హెపా ఫిల్టరున్న వాక్యూమ్‌కి కలిపారు. మధ్యలో 20 లీటర్ల రంగు బకెట్టు మూతకి చిన్న సైక్లోను (గాలిని సుడి తిప్పి పొట్టుని వేరుచేసే గరాటు) బిగించారు. పొట్టు, ముతక పొడి బకెట్టులో పడిపోతాయి, ఫిల్టరు తొందరగా పూడుకోదు. ఈ అమరిక ఆయన సొంతం, నేను పేరు మాత్రమే చెప్పాను.

అసలు సాండింగే తగ్గించింది మాత్రం ఆ ఊరి ముసలి వడ్రంగి. 'మిషను లేనప్పుడు మేం నున్నగా చేయలేదా' అని చిత్రిక పదును పెట్టి చూపించాడు, గాజు పెంకుతో గీకడం నేర్పాడు. చిత్రిక నుంచి వచ్చేది చుట్ట, పొడి కాదు. సాండరుతో గంట చేసే పనికి ఇప్పుడు పది నిమిషాల ఆఖరి మెరుగు చాలు. ఆ పది నిమిషాలూ షెడ్డు బయట, మామిడి చెట్టు కింద, గాలి వీపుకి తగిలేలా నిలబడి.

ఎగ్జాస్ట్ ఫ్యాను దగ్గర దెబ్బతిన్నాం. చలికాలంలో బాగానే లాగింది. మార్చి వచ్చి సాయంత్రం పైరగాలి మొదలయ్యాక చార్టు మళ్లీ 350కి దిగింది. దక్షిణపు గోడ ఫ్యాను చిమ్మే పొడిని సముద్రపు గాలి తిరిగి లోపలికి నెట్టేస్తోంది. పైగా ఆయన మిషనుకీ ఫ్యానుకీ మధ్య నిలబడి చేస్తున్నారు, పొడి ముఖం మీదుగా పోయేది. ఫ్యాను ఉత్తరపు గోడకి మార్చి, దక్షిణం తలుపు తెరిచి, బల్లని తిప్పేశారు. ఇప్పుడు మంచి గాలి వెనక నుంచి వస్తుంది, ముందు మిషను, దాని వెనక ఫ్యాను. సీలింగ్ ఫ్యాను రెక్కలు విప్పేశారు.

చీపురు షెడ్డులోంచి పోయింది. పని ఆపిన గంట తర్వాత తడిగుడ్డ, వాక్యూమ్. అది కూడా మాస్టారే చేయాలి, మాస్కు ఉంచుకునే. పని చొక్కా షెడ్డులోనే కొక్కేనికి. స్నానం చేశాకే ఇంట్లోకి. పడక వసారా నుంచి లోపలి గదికి.

ఇవన్నీ అయ్యాక మాస్కు. యాత్ర నుంచి వచ్చి గడ్డం తీసేశారు కాబట్టి రబ్బరు అంచున్న సగం ముఖపు మాస్కు, రెండు పక్కలా పి100 ఫిల్టర్లు (సన్నని రేణువుల్ని దాదాపు పూర్తిగా ఆపేవి). ఫిల్టర్లని అరచేతుల్తో మూసి గాలి పీలిస్తే మాస్కు ముఖానికి అతుక్కుపోవాలి. పక్కల నుంచి గాలి వస్తే మళ్లీ బిగించాలి. పాలిష్, థిన్నర్ వాసనలకి ఈ ఫిల్టరు పనికిరాదు, దానికి వేరే కాట్రిడ్జ్ కావాలి. మే నెల ఉక్కపోతలో ఇది పావుగంట కూడా ఉంచుకోలేరు. అందుకే వేసవిలో మిషను పనులన్నీ తెల్లవారాక ఆరు నుంచి ఎనిమిది లోపే.

ముక్కు డాక్టరుకి కూడా ఒకసారి చూపించాం, ఏమీ లేదన్నారు. చెక్క పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. ముఖ్యంగా ముక్కు, దాని చుట్టూ ఉన్న గాలి గదుల క్యాన్సర్. ఏళ్ల తరబడి పీల్చినవాళ్లలో వచ్చేది, అరుదు. అయినా చెక్క పని చేసేవాళ్లు ఒకే పక్క ముక్కు మూసుకుపోయినా, ఒకే పక్క నుంచి రక్తం వచ్చినా జలుబని వదిలేయకూడదు.

ఇప్పుడు నేను అడిగే తీరు

'ఏం పని చేస్తారు' తర్వాత ఇప్పుడు ఇంకో మూడు అడుగుతున్నాను. పొద్దున లేచింది మొదలు చేతులతో ఏమేం చేస్తారు? దగ్గు మొదలవడానికి ఆరు గంటల ముందు ఎక్కడున్నారు? ఆ చోటు ఎవరు ఊడుస్తారు? మూడో ప్రశ్నకి జవాబు చాలాసార్లు గదిలోనే, పక్క కుర్చీలో కూర్చుని ఉంటుంది. మాస్టారి భార్యకి స్పైరోమెట్రీ చేశాను, మామూలుగా ఉంది. ఊడ్వడం మానేసిన నెలకి దగ్గు మందు లేకుండానే పోయింది.

మాస్టారి ఊదు వేసవి చివరికి 400 దగ్గర నిలబడింది. ఇన్‌హేలర్ మోతాదు సగానికి తగ్గించాం, ఆపలేదు. వానాకాలంలో ఒక వారం 360కి పడింది. నిల్వ చెక్క మీద బూజు పట్టిందని, దాన్ని పొడి గుడ్డతో దులిపానని చార్టులో పక్కనే రాసుకున్నారు.

అక్టోబరు చివర్లో వచ్చారు, ఈసారి మాల వేసుకోకముందే. గడ్డం పెరిగాక మాస్కు పనిచేయదు కదా, మరి ఆ రోజుల్లో షెడ్డు సంగతేంటని అడిగారు. ఇద్దరం కూర్చుని రాసుకున్నాం: మిషన్లు, సాండరు అన్నీ ప్లగ్గులు పీకి మూట కట్టాలి. చిత్రిక, ఉలి పని మాత్రం చెట్టు కింద చేసుకోవచ్చు. గురుస్వామి ఇంటికి మామిడి చెక్క పీట ఒకటి చేయాలట, ఉలితో అయ్యేదేనా అని అడిగితే అవుతుందన్నారు. షెడ్డు తాళంచెవి అప్పటికే ఆవిడ కొంగున ఉంది.